వాసన అంటని పని

"డిస్టిలేషన్ వదిలేసి కట్టెల యార్డుకు పోతానంటావేంటి? మతి ఉండే మాట్లాడుతున్నావా?" సూపర్‌వైజర్ దరఖాస్తును బల్లమీద పడేశాడు.

ఆపరేటర్ తల వంచుకునే నిలబడ్డాడు.

యార్డంటే ఎండ, పొట్టు, దుమ్ము. మూడేళ్లకే ఏపుగా ఎదిగి కోతకొచ్చే సుబాబుల్ చెట్ల దుంగలు అక్కడ లారీల్లోంచి దిగుతాయి. వాటిని యంత్రంలో ముక్కలు చేసి, ఆవిరిలో ఉడికించి, ఎంజైములు కలిపితే కట్టెలోని పీచు చక్కెర అవుతుంది. ఆ చక్కెరనీళ్లను పులియబెట్టి మరిగిస్తే, బండ్లకు పోసే ఇథనాల్. ఆ మరిగించే చోటే తొమ్మిదేళ్లుగా అతని పని.

"ఆ వాసన బట్టలకి పట్టేస్తోందండీ. ఇంట్లో ఇబ్బందిగా ఉంది."

సూపర్‌వైజర్ లేచి తలుపు వేశాడు. "మొన్న ల్యాబ్‌లో శాంపిల్ సీసా ఒకటి తగ్గింది. నువ్వేనా?"

"నేనేనండీ. సంచిలో ఉండిపోయింది."

"మరి తెచ్చావా?"

"ఖాళీ అయిపోయిందండీ."

"అది ఇంజన్లు తాగేదయ్యా, మనుషులు కాదు! పేగులు మాడిపోవూ?"

సిగ్గుపడాల్సిన చోటది. అతనికేమీ అనిపించలేదు. అద్దం అవతల మీటరులో అంకెలు మారుతుంటే చూస్తూ ఉండిపోయాడు.

సూపర్‌వైజర్ కలం తీశాడు. "సరే, యార్డుకు రాస్తాను. ఎప్పట్నుంచి?"

"నలభై రోజుల్లోగా అయితే చాలండీ."

"సెలవు?"

"ఈ ఒక్క పూట."

అతను వచ్చేసరికి ఇంటిముందు కారు ఆగి ఉంది. భార్య వెనకసీట్లో కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఆమె అన్న డిక్కీలో సంచి సర్దుతున్నాడు. పక్కింటి పిన్ని గోడ దగ్గర నిలబడి, అతనికి వినపడేలాగే అంది: "రోజూ గుప్పుమంటూ వచ్చినా ఆ పిల్ల పల్లెత్తు మాటందా? అంత ఓర్పు నాకైతే లేదమ్మా."

అతను విననట్టే కారెక్కాడు.

కొంతదూరం పోయాక ఆమె అన్న అడిగాడు. "ఎన్నాళ్లుగా బావా?"

"రెండేళ్లు."

"మాతో ఒక్క ముక్కయినా అనలేదే!"

"ఏమని అనమంటావు?"



మద్యం మాన్పించే కేంద్రంలో నర్సు కాగితాలు ముందుకు జరిపింది. "నలభై రోజులు. ఫోన్లుండవు. చూడ్డానికి రానివ్వం. మొదటి వారం వణుకొస్తుంది, కంగారు పడొద్దు."

ఆమె అన్న చేతిరుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అతని కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. చూపించిన చోటల్లా సంతకాలు చేశాడు.

"చేరేవాళ్లు వాచీ, ఉంగరం తీసి ఇంటివాళ్లకిచ్చేయండి," అంది నర్సు.

భార్య తన వాచీ విప్పి అతని చేతిలో పెట్టింది.