షావుకారు నేర్చిన పాట

"నన్ను వెనక గుమ్మం గుండా పంపించెయ్యండి మేడం. కారు అటువైపే పెట్టించాను," అన్నాడు బట్టల షావుకారు. పోలీసు స్టేషన్లో కాదు, తన సొంత కొట్లో నిలబడి పనివాళ్ళకి పురమాయిస్తున్నట్టుంది ఆ తీరు.

ఇన్‌స్పెక్టరమ్మ తలెత్తి చూసింది. మధ్యాహ్నపు ఉక్కకి అతని జుట్టుకున్న నల్లరంగు కరిగి, చెవి వెనకనుంచి మెడమీదికి చారగా దిగుతోంది. ఒంటికి పట్టించిన సెంటు గదంతా ఆక్రమించింది. ఇందాక సోదాకెళ్ళి ఓ మేడమీది ఇంటి తలుపు బద్దలు కొట్టినప్పుడు ముందుగా ఎదురొచ్చింది ఈ వాసనే. దాని వెనక బయటినుంచి గొళ్ళెం పెట్టిన గది, తడిసిన పరుపు, కిటికీకి మేకులతో కొట్టిన అట్టముక్క, మూలకి నక్కిన ఓ పిల్ల.

"కూర్చోండి. మీమీద కూడా కేసు రాస్తున్నాం," అంది.

హెడ్ కానిస్టేబుల్ చిన్నగా దగ్గాడు. "మామూలుగా ఇల్లు నడిపేవాళ్ళ మీదే రాస్తాం మేడం. వచ్చినవాళ్ళని ఓ మాట తిట్టి వదిలేస్తాం. పరువుగలవాళ్ళు గదా."

"ఆ మెట్లెక్కేటప్పుడు పరువు ఎక్కడ విప్పి పెట్టారో కనుక్కోండి బాబాయ్."

షావుకారు నొచ్చుకున్నాడు. "నేనేం చేశానమ్మా? ఆ పిల్లని తెచ్చింది నేనా, అమ్మింది నేనా? అలాంటి వెధవల్ని పట్టుకోండి, బొక్కలో తొయ్యండి, మీకు నేనే సన్మానం చేయిస్తాను. నేను ఉత్త బేరానికొచ్చినవాణ్ణి."

"ఎవరూ కొనని గుడ్డ మీ కొట్లో తెచ్చి పెడతారా?"

"ఎందుకు పెడతాను? నష్టం గదా."

"అదే నేనూ చెప్పేది. మీరు కొంటున్నారు గనకే వాళ్ళు తెస్తున్నారు. పని ఇప్పిస్తామని నమ్మించి, ఎక్కడినుంచో బండెక్కించి, మీకోసం ఇక్కడ దింపారు. ఆ పిల్లకి టికెట్టు కొన్నది మీరే."

షావుకారు మెడ తుడుచుకున్నాడు. తెల్లటి రుమాలు నల్లగా తిరిగొచ్చింది. "ఈ లెక్కన ఊళ్ళో మగాళ్ళలో సగంమందిని రాయాలి."

"రాస్తాం. కాగితాలకేం కరువు లేదు."

లోపలి గది తలుపు తీసుకుని ఆస్పత్రి నర్సు బయటికొచ్చింది. గది తలుపు తీసినప్పుడు ఆ పిల్ల వేసిన కేకల్ని బట్టి ఏ భాషో పోల్చుకున్నారు; ఈమెదీ ఆ వైపు ప్రాంతమే. ఊళ్ళో ఆ భాష వచ్చిన మనిషి ఈమె ఒక్కతే కావడంతో పిలిపించారు.

"ఏమన్నా చెప్పిందా?"

"నోరు విప్పట్లేదు మేడం. మా భాషలోనే బతిమాలాను. పేరూ లేదు, ఊరూ లేదు. గోడకేసి తిరిగి కూర్చుంది. పోలీసులే మళ్ళీ అప్పగిస్తారని బెదిరించి ఉంటారు. ఇరవయ్యేళ్ళ పిల్ల, చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగులుతున్నాయి."

ఇన్‌స్పెక్టరమ్మ నుదురు నొక్కుకుంది. ఇల్లు నడిపే ఆడది బయట బల్లమీద వకీలుతో సహా తయారుగా ఉంది. నేను దాని పిన్నిని, నా బిడ్డని నాకు అప్పగించండి అని శోకాలు పెడుతోంది. కాదనడానికి ఆ పిల్ల తాలూకు మనిషి ఒక్కరూ లేరు. ఎక్కడున్నారో వెతుకుదామంటే ఏ ఊరికి పోవాలో తెలీదు.

షావుకారుకి సందు దొరికింది. "చూశారా? బలవంతమే అయితే ఈపాటికి చెప్పెయ్యదూ? అసలు నేనంటే ఆ పిల్లకి ప్రాణం మేడం."

ఇన్‌స్పెక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "ప్రాణమా?"

"మరి? షాపు సెలవైతే చాలు, నా కాలు అటే లాగేది. నన్ను చూడగానే పాట అందుకునేది, వాళ్ళ భాషలో. నా గడ్డం పట్టుకుని, ఒక్కో ముక్కా విడదీసి పాడేది. నేను తిరిగి అప్పజెప్పేదాకా వదిలితేనా? తప్పు పాడితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అంత సుకుమారం. ఈమధ్యే ఎందుకో అలిగి మానేసింది. రిబ్బన్లు కొనిచ్చినా అలక తీరలేదు."

"ఆ పాటకి అర్థమేంటి?"

"అర్థం ఎవడికి కావాలండీ? ప్రేమపాటే అయ్యుంటుంది. నాకు చెవి మంచిది. ఒకసారి పట్టుకుంటే పోదు."

ఎవరూ అడక్కుండానే గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. చిన్న పాటే. ఉంగరాల చెయ్యి తొడమీద తాళం వేస్తోంది. పెదాల మూలల్లో తెల్లటి ఉమ్మి చేరింది. హెడ్ కానిస్టేబుల్ తల దించుకున్నాడు. ఆ నోరు మూయించడానికి ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి ఎత్తబోయింది.

నర్సు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంకోసారి," అంది షావుకారుతో. "మెల్లగా."

మెచ్చుకునేవాళ్ళు దొరికారని షావుకారు మొహం విప్పారింది. ఈసారి ఒక్కో ముక్కనీ సాగదీసి, సొంతంగా నాలుగు సంగతులు కూడా కలిపి పాడాడు. నర్సు వింటూనే గుమ్మం వైపు జరిగింది, అందరికీ వీపు పెట్టి నిలబడింది. ఆమె మోచెయ్యి మాత్రం కదులుతోంది.

"ఏం పాటమ్మా అది?" అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"పాట కాదు మేడం, ఫోను నంబరు," అంది నర్సు, తన ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే. "ఎవరో పెద్దావిడ ఎత్తింది. మా అమ్మాయి దొరికిందా అని అడుగుతోంది."