బటన్ నొక్కే ముందు

అనకాపల్లిలో నిరుపమ ఉద్యోగం ఏఐ ఏజెంట్లకు సూచనలు రాయడం. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మనుషుల బదులు వెబ్‌సైట్లు తెరిచి ఫారాలు నింపేది ఆ ఏజెంట్లే. ఏ పేజీలో ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో ఆమె రాసిందే అవి చదువుకుంటాయి.

ఆ వారం వాళ్ల అమ్మమ్మ కనకమహాలక్ష్మి కంటి ఆపరేషన్‌కి తేదీ తీసుకోమంటే, ఇంట్లోని ఏజెంటు నాలుగు నెలల తరవాతి తేదీ పట్టుకొచ్చింది. అంతదాకా ఆగితే ఉన్న కాస్త చూపూ పోతుందన్నాడు డాక్టరు.

ఏం జరిగిందో నిరుపమ వెతికి చూసింది. పేజీ పూర్తిగా తెరుచుకోకముందే ఏజెంటు మొదట కనబడిన తేదీని నొక్కేసింది. ఆగమని తను ఎక్కడా రాయలేదు.

"తప్పు నాదే అమ్మమ్మా" అంది.

"పోనీలే. చిన్నప్పుడు నీకు చెప్పినట్టు దానికీ నెమ్మదిగా చెప్పు."

నిరుపమ కూర్చుని రాసింది: "పేజీ మొత్తం వచ్చేదాకా ఆగు. ఉన్న తేదీలన్నీ ఎవరి పనో వాళ్లకే చదివి వినిపించు. వాళ్లు సరేనన్నాకే నొక్కు."

మర్నాడు పొద్దున్నే ఏజెంటు మళ్లీ తేదీలు వెతికి, ఫోనులో అమ్మమ్మను పలకరించింది. "ఈ గురువారం ఎవరో మానుకున్నారండి. పై సోమవారం కూడా ఖాళీ ఉంది. మీకేది వీలు?"

అమ్మమ్మ ఫోను దగ్గరికి తీసుకుంది. ఇన్నేళ్లలో అందరూ తేదీ ఖాయం చేసి తనకు చెప్పినవాళ్లే.

"గురువారం, నాన్నా" అని ఫోనును మెల్లగా నిమిరింది.