పన్నెండు గళ్ళలో ఒకే నోరు

రింగ్‌టోన్ పాట అందుకున్న తన ఫోన్ నోరు నొక్కేసి, ఫిల్మ్ స్కూల్ మాస్టారు షాట్లు గళ్ళుగా గీసిన నా మ్యూజిక్ వీడియో స్టోరీబోర్డు చేతిలోకి తీసుకున్నారు.

“పన్నెండు గళ్ళలోనూ పాడే నోరు తప్ప ఏమీ గీయలేదు. మొహం ఏది? రీసెర్చ్ అంటే ఒక్క గాయని పేరు రాస్తావా? అదీ ఎవరూ వినని పేరు!”

“గొంతు వినే ఉంటారు సార్.”

“మాటకి మాట చెప్పకు. చక్కటి పిల్లని పెట్టి పెదాలు ఆడించు. లేదంటే ఫెయిల్ చేస్తాను.”

“చేసుకోండి. షాట్ మాత్రం మార్చను.”

ఫోన్ మళ్ళీ అదే పాట అందుకుంది. ఆయన చెయ్యి అటు వెళ్ళింది.

“ఆపకండి సార్. నేను రాసిన పేరు ఆ గొంతుదే. మా అమ్మది. ఇరవై ఏళ్ళుగా అమ్మ పాటకి తెర మీద ఎవరెవరో పెదాలు ఆడించారు. ఈసారి అమ్మ నోరే కనబడుతుంది.”