పదిహేడో ఫిల్ము

"మళ్లీ అదే!" అంటూ మౌస్‌ను విసురుగా పక్కకు నెట్టింది దోర్సఫ్. "పదిహేడో ఫిల్ముకి రెండు పాయింట్ ఒకటి."

మూడుకి తగ్గితే ఆ డైవర్‌కి ఈ ఏడు స్పాంజి కోసం సముద్రంలో దిగే అనుమతి ఉండదు. లోతు నీళ్ల ఒత్తిడి కొందరి ఎముకల్ని లోలోపలే తినేస్తుంది. అందుకే స్ఫాక్స్ రేవు పక్కనున్న ఆ చిన్న ల్యాబులో సీజన్ ముందు డైవర్ల చేతులకి ఎక్స్‌రే తీస్తారు. ప్రతి ఫిల్ములోనూ చెయ్యి పక్కన మెట్లు మెట్లుగా ఉన్న అల్యూమినియం పట్టీ ఉంటుంది. ఏ మెట్టు ఎంత మందమో కంప్యూటర్‌కి చెబితే, బొమ్మలోని తెలుపుని బట్టి అది ఎముక మందం లెక్కగడుతుంది.

"యంత్రం చెప్పింది రాసెయ్యి తల్లీ," అన్నాడు సీ మోంజీ టీ గ్లాసు తిప్పుతూ. ఫిల్ములు తీసేదీ, నంబరు చీటీలు పంచేదీ ఆయనే; 'సీ' అంటే అక్కడ 'గారు' అన్నట్టు. పేర్ల జాబితా డైరెక్టర్ బీరువాలో ఉంటుంది, ఇక్కడ అందరూ నంబర్లే. ఇవాళే ఆయన రిటైర్మెంటు. కుర్చీ కింద పాత సంచీలోంచి కాళ్లకి తొడిగే ఈత రెక్కలు బయటికి పొడుచుకొచ్చాయి.

"అవెవరికి, మనవడికా?"

"మా వీధి చేపలకి. ఈత మర్చిపోయాయట, నేర్పాలి."

దోర్సఫ్‌కి నవ్వు రాలేదు. గుమ్మంలో పదిహేడో నంబరు చీటీ పట్టుకుని లజ్‌హర్ నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ కదల్లేదు.

"డాక్టరమ్మా, ఆ ఫిల్ము కాదు, నా చెయ్యి చూడండి. నిన్న పడవ ఇంజన్ ఒక్కణ్ణే దింపాను. ఈ సీజన్ పోయిందంటే నా చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు. మళ్లీ నన్నెవరు ఎక్కించుకుంటారు?"

"చూస్తున్నాను కదా లజ్‌హర్, కాస్త ఊపిరి పీల్చుకోనీ!"

బొమ్మలో నలుపూ తెలుపూ తారుమారయ్యాయేమో చూసింది. కాలేదు. లెక్కగట్టే కొత్త ప్లగిన్ తీసేసి పాతది వేసింది. అదే అంకె. ఒక బొమ్మ కొలత మిగతా వాటన్నిటికీ అంటుకుందేమోనని కంప్యూటర్‌లో 'అన్నిటికీ' అన్న టిక్కు తీసేసి ఒక్కోదాన్నీ విడివిడిగా చేసింది. అంకె అంగుళం కదల్లేదు. పైగా పట్టీ మెట్లని కలిపే కొలత గీత ఒక్క చుక్కయినా పక్కకు పోకుండా నున్నగా వచ్చింది. దాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

ఫోన్ మోగింది. డైరెక్టర్.

"రిపోర్టులు తీసుకెళ్లే కారు పన్నెండింటికి బయల్దేరుతుంది. సంతకం పెట్టి పంపు. ఆ తర్వాత మార్పుల్లేవ్."

పన్నెండుకి ఇరవై నిమిషాలుంది.

"ఈ పదిహేడోది కంటికి ఇంత దిట్టంగా కనిపిస్తోంది సీ మోంజీ! ఆ ఇరవై నాలుగోది చూడండి, పొగలా ఉంది. దానికేమో అయిదు పాయింట్ ఎనిమిది. అందరికన్నా ఎక్కువ!"

"వాడు ఆలివ్ నూనెలో పుట్టుంటాడు," అని నవ్వాడాయన. "కళ్లని నమ్మితే ఈ పెట్టెలన్నీ ఎందుకు? పంపెయ్."

"అసలు వచ్చింది ఇరవై ముగ్గురే కదా?"

"నువ్వెళ్లాక సాయంత్రం ఒకడొచ్చాడులే."

లజ్‌హర్ చీటీని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడిచాడు. సీ మోంజీ ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది. దోర్సఫ్ పెన్ను తీసింది.

"ఆగు," అన్నాడాయన. గ్లాసు కింద పెట్టాడు. "పట్టీ కొలతలు ఎటునుంచి ఎక్కించావు?"

"ఎటునుంచేమిటి? మీ కాగితంలో ఎడమ నుంచి."

"నేను కుడి నుంచి రాశాను."

దోర్సఫ్ కాగితం లాక్కుంది. పాత పట్టీ కాగితం ఫ్రెంచిలో ఉండేది, ఎడమ నుంచి కుడికి. పట్టీ ఈ వారమే మారింది. కొత్తదాన్ని సీ మోంజీ స్వయంగా కొలిచి, ఉత్తరం రాసినట్టే అరబ్బీ వరసలో కుడి నుంచి ఎడమకి గళ్లు నింపాడు. ఆమె అలవాటు కొద్దీ ఎడమ నుంచి ఎక్కించేసింది. పల్చటి మెట్టుకి మందపు కొలత, మందపు మెట్టుకి పల్చటి కొలత.

"ఇంతసేపూ చెప్పరేం!"

"ఇప్పుడు చెప్పాను కదా. కానివ్వు, టైమవుతోంది."

వరస తిప్పి ఎక్కించింది. పదిహేడు: అయిదు పాయింట్ తొమ్మిది.

"లజ్‌హర్! దిగు నాయనా, ఎంత లోతుకైనా దిగు!"

అతను వచ్చి సీ మోంజీ భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత మెట్లు దిగి పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

ఆనందం పట్టలేక దోర్సఫ్ జాబితా చివరిదాకా చదివింది. "అయ్యో, ఆ ఇరవై నాలుగోవాడు అట్టడుక్కి పడిపోయాడు. రెండు పాయింట్ రెండే. ఇంక నీళ్ల జోలికి వెళ్లకూడదు, పాపం."

"వెళ్లకూడదంటే వెళ్లకూడదు. సంతకం పెట్టు."

పెట్టింది. ఆయన కవరు అంటించి, కారు డ్రైవర్‌కి ఇచ్చి వచ్చాడు. ఈత రెక్కల సంచీని కాలితో కుర్చీ కిందికి ఇంకాస్త లోపలికి తోశాడు.

"వాటిని మర్చిపోయి వెళ్లిపోతారు సుమా," అంది దోర్సఫ్.

"ఇక్కడే ఉండనీ తల్లీ," అంటూ ఆయన జేబులోంచి ఓ చీటీ తీసి చెత్తబుట్టలో వేశాడు.

దాని మీద ఇరవై నాలుగు అని ఉంది.