బెల్టు బిగువు

ఇనప డ్రమ్ములు కోసి, రెక్కలు చేసి, ఫిట్టరు డాబా మీద నిలువు గాలిమర నిలబెట్టాడు. ఇక దాని చక్రం నుంచి డైనమోకి బెల్టు వెయ్యాలి. అది ఇద్దరి పని. ఒకరు డైనమోను వెనక్కి లాగి పట్టుకుంటే, ఇంకొకరు బోల్టు బిగించాలి. ఇన్నేళ్లూ ఏ బెల్టు వేసినా లాగి పట్టింది అతని భార్యే. పట్టినంతసేపూ, "త్వరగా కానివ్వండి, చేతులు పడిపోతున్నాయి" అని సణిగేది. ఆవిడ పోయాక ఇదే మొదటి బెల్టు.

చీకటి పడింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఒక్కడే లాగి బిగించబోతే ప్రతిసారీ బెల్టు వదులైపోతోంది. విసిగిపోయి, అలవాటు కొద్దీ అనేశాడు.

"కాస్త లాగి పట్టుకోవే."

డైనమో కిర్రుమంటూ వెనక్కి జరిగింది.

ఫిట్టరుకి తల ఎత్తే ధైర్యం చాల్లేదు. బొటనవేలితో బెల్టు నొక్కి చూశాడు. బిగువు సరిగ్గా కుదిరింది. ఆవిడ పట్టే బిగువే.

ఇక బోల్టు తిప్పితే పనైపోతుంది. పనైపోతే, పట్టుకున్న చేతులు వదిలేస్తాయి.

అతను స్పానరు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. త్వరగా కానివ్వమని ఎవరూ సణగలేదు.