సందు మలుపులో కృష్ణ పదార్థం

“పోయిన వారం పాఠం గురించి ఎవరినైనా అడుగుత,” అంటూ ఫిలిప్ కుర్చీలోంచి లేచాడు.

జయానందం గుండె జారిపోయింది. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఆయన. ఆర్నెల్లుగా ప్రతి శనివారం సాయంత్రం మెదక్ గ్రంథాలయం హాల్లో నక్షత్రాల పాఠాలు చెబుతున్నాడు. వినేవాళ్లు ముప్పై మందికి తగ్గరు. కానీ వాళ్ల బుర్రకు ఏమైనా ఎక్కుతోందా అని హాలు చూసుకునే ఫిలిప్‌కు అనుమానం. ఎక్కడం లేదని తేలితే హాలు కుట్టు క్లాసుకు ఇచ్చేస్తానన్నాడు. ఆ శనివారాలు లేకపోతే జయానందానికి వారమంతా ఏమీ తోచదు.

పైగా పోయిన వారం పాఠం కొరకరాని కొయ్య. విపరీతమైన వేగంతో దూసుకుపోయే నక్షత్రాలు దారిలో ఎటు ఒరిగాయో కొలిచి, కంటికి కనిపించని కృష్ణ పదార్థం ఎక్కడెంత ఉందో లెక్కగట్టడం. ప్రతి శుక్రవారం లాగే ఆ పాఠానికి ముందురోజు దాన్ని వంటింటి గడపలో కూర్చుని భార్య నిర్మలమ్మకు వినిపించాడు. “ఒక్క చుక్క వంకరవోతే ఎట్ల నమ్ముతరు?” అని అడిగిందామె. నీకు సమజ్ కాదులే అని కసిరాడు. ఇంట్లో పనుందంటూ ఆమె ఒక్క పాఠానికీ రాకపోవడం ఆయనకు లోలోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఫిలిప్ వేలు పాపన్నపేట రూట్లో షేర్ ఆటో నడిపే ఎల్లం మీద ఆగింది. ఎల్లం తాపీగా లేచాడు.

“ఒకడు బస్సు కోసం ఉరుకుతుండు సార్. సక్కగ పోవాల్సినోడు సందు కాడ జర గటు మళ్లిండు. అంటే సందుల ఎవరో మిర్చి బజ్జీలు ఏస్తున్నరన్నట్టు. కడాయి మనకు కనవడదు. గానీ వాడు ఎంత మళ్లిండో చూస్తే కడాయి ఎంతదో తెలుస్తది.”

“ఉరికేటోడే ఎందుకు?” అన్నాడు ఫిలిప్.

“మెల్లగ పోయేటోడు బజార్లనే తిరుగుతడు. ఉరికేటోడు ఊరు దాటుతడు, ఊరవతల సంగతి వాడే చెప్పాలె. గానీ ఒక్కణ్ణి నమ్మొద్దు సార్. పది మంది గట్లనే మళ్లాలె.”

ఫిలిప్ పకపకా నవ్వి, హాలు మీదేనన్నాడు. జయానందానికి పట్టరాని సంతోషం. బోర్డు నిండా సమీకరణాలు రాసిన తను ఈ మిర్చిల ముచ్చట ఎప్పుడు చెప్పాడో మాత్రం గుర్తు రాలేదు. ఆ ఊపులోనే ఇవాళ్టి పాఠమూ చెప్పేశాడు. అయిపోగానే అందరూ గబగబా బయటపడ్డారు. ప్రతి వారం బోర్డు తుడిచి, గ్రంథాలయం మూసేదాకా ఏదో చదువుకుని చివర్న కదిలే మనిషి, ఎల్లం చెయ్యి పట్టుకుని అభినందిద్దామని ఇవాళ వెనకే నడిచాడు.

ఆటో స్టాండుకు తిన్నగా పోవాల్సిన ఎల్లం పిండిగిర్ని దగ్గర సందులోకి మళ్లాడు. వెనక ఇంకొకరు. తర్వాత పది మంది, ఆపైన అందరూ. అది జయానందం ఇల్లున్న సందు.

ఆయన ఉత్సాహమంతా నీరుగారిపోయింది. నిర్మలమ్మ చెప్పే ఇంటి పని ఇదన్నమాట. వీళ్లంతా ఇన్నాళ్లూ నక్షత్రాల కోసం కాదు, ఆమె వేసే మిర్చిల కోసం వస్తున్నారన్నమాట.

ప్రహరీ పక్కన నిలబడి చూశాడు. నూనె వాసన లేదు. పొయ్యి వెలిగించి లేదు. వాకిట్లో చాపల మీద అందరూ వరసగా కూర్చున్నారు.

“ఇయ్యాల సారు ఏం చెప్పిండో ఇప్పుడు నేను చెప్త, ఇనుండ్రి,” అంది నిర్మలమ్మ.