తాళం కలిసిన రోకళ్లు

"పొయ్యి లేదు, కట్టె లేదు, నిప్పు లేదు. మరి దేంతోని కాగవెడతరే?" రోకలి ఆపి మనవరాలిని అడిగింది గట్టమ్మ.

"రేడియో అలలతోని, బాపమ్మా" అంది స్పందన.

కొత్తగూడలో వాళ్ల వాకిట్లో పొద్దుటి నుంచీ ఇదే పంచాయితీ. గుజరాత్‌లోని ఒక ప్రయోగశాలలో స్పందనకు ఉద్యోగం వచ్చింది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా ఫోను చేసి చెప్పాలి. తండ్రి ఎల్లస్వామిని అడిగితే అవ్వ సరేనంటే సరే అన్నాడు. ఊళ్లో ఎవరితోనైనా వాదించే మనిషే గానీ, తల్లి ముందు ఆయనకు నోరు పెగలదు. గట్టమ్మేమో ఆ కొలువు ఏందో తనకు సమజైనాకనే మాట అని భీష్మించుకుంది.

ఉంగరంలాంటి పెద్ద ఇనుప పాత్రలో వాయువును సూర్యుడి కన్నా వేడిగా కాగబెడతామనీ, అది గోడలకు తగలకుండా అయస్కాంతాలు పట్టి ఉంచుతాయనీ, సూర్యుడిలో పుట్టే శక్తి లాంటిదే ఒకనాడు అందులోనూ పుట్టించి కరెంటు తియ్యాలన్నది తమ ఆశ అనీ స్పందన ఓపిగ్గా చెప్పింది. గట్టమ్మ అంతా శ్రద్ధగా వింది.

"మీ తాత రేడియో ఏండ్లకేండ్లు మోగింది. ఒక్కనాడన్న దాని మీద చాయ కాగిందా?"

ఎల్లస్వామి నవ్వు ఆపుకోలేక తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. తల్లి తన వైపు చూసేసరికి చప్పున మాట మార్చి, ఇంట్లో జాడీ నిండా కారం ఉండగా మళ్లీ ఈ దంచుడెందుకని అడిగాడు. దంచుతున్నవీ మానుకోట మార్కెట్‌కు పంపకుండా దాచిన మేలైన మిరపకాయలు. గట్టమ్మ ఆ మాట విననట్టే రోట్లో ఇంకో గుప్పెడు వేసింది.

తాత రేడియోకూ తమ మిషన్లకూ పోలికేమిటని స్పందనకు ఉక్రోషం వచ్చింది. గోడకు ఆనించిన రెండో రోకలి అందుకుని బాపమ్మకు ఎదురుగా నిలబడింది. మొదటి పోటుకే రెండు రోకళ్లూ ఢీకొని మోచేతి దాకా జివ్వుమంది.

"చూసినవా? తాళం తప్పితే మా అలలు గూడ గిట్లనే ఎనుకకు తన్ని మిషన్లను ఖరాబ్ చేస్తయి" అంది చెయ్యి విదిలిస్తూ. "లోపల అణువులు గిర్రున తిరుగుతుంటయి. అవి తిరిగొచ్చే యాళ్లకే అల తగలాలె. అప్పుడే బలం లోపలికి పోతది."

మళ్లీ రోకలి ఎత్తింది. ఈసారి గట్టమ్మ ఊపు చూసుకుని వేసింది. పోటుకు పోటు కుదిరింది. ఇద్దరూ తుమ్ముతూ, దగ్గుతూ, ఒకరికొకరు తగ్గకుండా దంచారు. కాసేపటికి మిరపకాయలు మెత్తటి పొడి అయ్యాయి. స్పందన చిటికెడు తీసి బాపమ్మ అరచేతిలో వేసింది. అది గోరువెచ్చగా ఉంది.

"దీని కింద ఏ పొయ్యి వెట్టినవ్ బాపమ్మా?"

గట్టమ్మ అరచేతిని చూసుకుంది, మనవరాలిని చూసింది. అదే అదనుగా ఎల్లస్వామి, మరి పిల్ల ఫోను చెయ్యాల్నా వద్దా అని మెల్లగా అడిగాడు.

"నాకైతే ఒక్క ముక్క సమజ్ కాలె" అంది గట్టమ్మ.

స్పందన ముఖం వాడిపోయింది. ఇంతసేపూ చేతులు మండేలా దంచిందంతా వృథా అయినట్టే. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఘాటుకే అనుకుంటారులే అని తుడుచుకోలేదు కూడా.

గట్టమ్మ తాపీగా జల్లెడ పట్టి, కారమంతా కొత్త స్టీలు డబ్బాలోకి ఎత్తి, మూత బిగించి దాన్ని మనవరాలి చేతిలో పెట్టింది.

"ఆ గుజరాత్‌ల పప్పుల గూడ బెల్లమేస్తరని మొన్ననే అడిగి తెలుసుకున్న. పొద్దటి సంది ఈ కారం ఎవరికి దంచుతున్న అనుకున్నవే?"